పూసల పావురం

ముందే చెప్తున్న, నవ్వద్దు. ఎవరన్న నవ్విన్రా, ఈ చాయ్ సగంల వదిలేసి లేచిపోత. ఇప్పటికే సగం బూర్గంపాడు నవ్వింది, అది చాలు నాకు. నేను చేసింది పావురం. పా-వు-రం! ఈ మాట మనసుల గట్టిగ పెట్టుకోని వినండి. ఎందుకంటే నేను చెప్పుడు అయిపోయేసరికి మీరు గూడ దాన్ని ఇంకోటేదో అంటరు, నాకు తెల్సు.

మా రూతమ్మ వదిన మీకు తెల్సు గదా, మా ఆయన అక్క. బూర్గంపాడుల టైలరింగ్ చేస్తది. అన్నయ్య పోయి చానా ఏండ్లయింది. ఆ కుట్టు మిషన్ మీదనే ఇద్దరు పిల్లల్ని పెంచి, చదివించి, ఒక దారికి తెచ్చింది. గోదారి పొంగినప్పుడల్లా ఆమె పాత ఇంట్లకు నీళ్లొచ్చేటియి. సామాన్లు నెత్తిన పెట్టుకోని పోవుడు, నీళ్లు తీసినంక వచ్చి బురద ఎత్తిపోసుకునుడు. ఇదే బతుకు. ఆఖరుకు మొన్న మెరక మీద జాగ తీస్కోని రెండు గదుల స్లాబ్ ఇల్లు కట్టుకున్నది. "ఇంక గోదారి నా గడప తొక్కదు మేరీ" అని ఫోన్ల చెప్తుంటే నాకే కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

ఆ ఇంటికి ఆమె పెట్టుకున్న సోకు ఒక్కటే. ముందు తలుపు మీద గుండ్రటి కిటికీ. దాంట్ల రంగుల అద్దం, అద్దంల పావురం, పావురం ముక్కున పచ్చటి ఆకు. బైబిల్ల పెద్ద వరద తీసిపోయిందని ఓడ కాడికి ఆకు తెచ్చి చూపెట్టిన పావురం ఉంటది చూడు, అదన్నట్టు. వరదలల్ల మునిగి తేలిన మనిషి ఇంటికి అంతకన్న మంచి బొమ్మ ఇంకేముంటది చెప్పండి? మేస్త్రి అడుగు వెడల్పు ఇనుప రింగు కూడ పెట్టి వదిలిండు. తీరా ఖమ్మంల అద్దాల షాపాయన్ని అడిగితే, "గట్లాంటియి చేసేటోళ్లు మా దగ్గర లేరమ్మా. హైదరాబాద్ నుంచి రావాలె, రెండు నెలలు పడ్తది" అన్నడట. గృహ ప్రతిష్ఠేమో ఇంక మూడు వారాలే ఉన్నది.

"పోనీ తియ్, ఉత్త అద్దం పెట్టిస్త" అన్నది వదిన. గొంతు చిన్నగైంది.

ఇగ నా నోరు ఊకుంటదా? "నేను చేసిస్త వదినా!" అన్న.

"నువ్వా?" అన్నది.

గట్ల సాగదీసి "నువ్వా" అంటే ఎవరికైనా మండుతదా మండదా? నా పెండ్లయినప్పటి నుంచి మా వదినది ఒకటే పాట. మా మేరీకి మొదలుపెట్టుడు వచ్చు, ముగించుడు రాదు అని. నిజమే, ఊలు స్వెట్టర్ ఒకటి చేతులు లేకుంట ఆగిపోయింది. దిండు గలీబు మీద నెమలి కుట్టబోతే ఈకలొచ్చినయ్, తల రాలే. అయితే ఏంది? మనిషన్నంక తీరిక దొరకొద్దా?

"అవ్, నేనే. పూసలు కరగబెట్టి చేస్త. అచ్చం అద్దం లెక్కనే ఉంటది. నువ్వు చూస్తుండు" అని ఫోన్ పెట్టేసిన.

పూసల సంగతి నాకెట్ల తెల్సంటే, వీడియో. ఇప్పుడు నేను మొదటగ తిట్టాల్సింది ఆ వీడియో ఆమెనే! చేతులకు తొడుగులు, గోళ్లకు రంగు, నవ్వుకుంట నవ్వుకుంట రంగురంగుల ప్లాస్టిక్ పూసలు ఒక ట్రేల పేరుస్తది. ఓవెన్ల పెడ్తది. మ్యూజిక్ వస్తది. తీస్తే, అబ్బా! రంగుల అద్దం బిళ్ల. కిటికీకి కట్టి చూపెడితే ఎండ దాంట్లకెంచి వచ్చి గోడ మీద నీలం, ఎరుపు, పసుపు పడ్తయ్. "సూపర్ ఈజీ ఫ్రెండ్స్, ఇరవై నిమిషాలే! వాసన కొంచెం వస్తుంది, కిటికీలు తీసి పెట్టుకోండి" అన్నది. కొంచెం అట! ఆమె ముక్కు ఏ దేశంల పెట్టొచ్చిందో!

సరే, ఖమ్మం పోయి ఫ్యాన్సీ షాపుల పూసలు తెచ్చిన. లోపలికి వెలుతురు పోయే రకం, నీలం, తెలుపు, ఆకుపచ్చ, ఎరుపు, పసుపు. షాపాయన అన్ని రంగులు కలిపి ఒకటే కవర్ల పోసిచ్చిండు. "అన్నా, వేరే వేరే కట్టియ్యొచ్చు గదా" అంటే, "ఇంటికి పోయి ఏరుకోమ్మా, టైంపాస్ అయితది" అన్నడు. నా టైం పాస్ చెయ్యనీకి ఈయనకు ఎవరు చెప్పిన్రు?

ఇగ కొత్తగూడెంల మా బొగ్గుగని క్వార్టర్ల పూసలు ఏరుడు మొదలైంది. మా అత్తమ్మ సువార్తమ్మకు డెబ్బై దాటినయ్, కండ్లు మాత్రం నాకన్న మంచిగ కనబడ్తయ్. బియ్యంల రాళ్లేరినట్టు చాటల పోస్కోని ఏరిచ్చింది, కానీ ఊకనే ఏరదు గదా. "ఈ పూసలు మెడల వేస్కునేటియి గావా పిల్లా? వీటిని కాలబెట్టుడేంది?" అని ఒకసారి. "అద్దానికి అద్దమే పెట్టొచ్చు గదా" అని ఒకసారి. పూసలేమో కింద పడితే ఆగయ్ గదా, మంచం కిందికి, బీరువా కిందికి, ఎటు పడితే అటు ఉరుకుతయ్. ఒకరోజు మా ఆయన డ్యూటీల టిఫిన్ గిన్నె తెరిస్తే చిక్కుడుకాయ కూరల నీలం పూస వచ్చిందట. పక్కనున్నోళ్లు, "ఏందన్నా, వదినమ్మ కూరకు నగలు పెట్టి పంపింది" అన్నరట. ఇంటికొచ్చి ఆ పూస నా చేతిల పెట్టి, "ఇది గూడ నీ పావురానిదేనా?" అన్నడు. కడిగి డబ్బాల వేస్కున్న. ఏం చెయ్యాలె మరి, నీలం తక్కువుండె!

ముందు చిన్న గిన్నెల ఒక నక్షత్రం చేసి చూసిన. చల్లారినంక గిన్నె బోర్లిస్తే టక్కున ఊడివచ్చింది. ఏమున్నది అనుకున్నరు! ఎండకు పెడితే మెరుపే మెరుపు. వెంటనే ఫొటో తీసి వదినకు పంపిన. "బాగనే ఉంది" అని రాసింది. మా వదిన నోటి నుంచి "బాగనే" వచ్చిందంటే నాకు పతకం వచ్చినట్టే. ఇగ ఆగుతనా! ప్రతిష్ఠకు ముందురోజు దాక పెద్దది మొదలుపెట్టలే. నమ్మకం గట్ల ఉండె. తెల్లారి శనివారం పదింటికి ప్రార్థన. శుక్రవారం పొద్దున కూసున్న.

అడుగు వెడల్పు అల్యూమినియం పళ్లెం తీస్కోని, ఒక్కొక్క పూస నిలబెట్టి పేర్చిన. మెడ పట్టేసింది. మధ్యల తెల్లటి పావురం, రెక్కలు పైకెత్తి ఎగురుతున్నది. ముక్కున పచ్చటి ఆకు. పైన అంచుకు ఎర్రటి పూలదండ. పావురం కిందుగ పసుపు కిరణాలు, సూర్యుడు పొడుస్తున్నట్టు. మిగిలిందంత నీలం ఆకాశం. నేను చెప్తున్న గదా, ఆ పేర్చిన బొమ్మ మీరు చూసుంటే ఇప్పుడు గిట్ల పండ్లు కనబడనీయకుంట నోరు మూస్కునేటోళ్లు కాదు. అత్తమ్మ గూడ ఒప్పుకున్నది. "పావురం లెక్కనే ఉన్నది" అన్నది. అవ్, ఆమె నోటితోటే అన్నది! అప్పుడు ఫొటో తియ్యలే నేను. నా కర్మ.

మధ్యాహ్నం పన్నెండయింది. మా ఆయన ప్రభాకర్ నైట్ షిఫ్ట్ చేసొచ్చి లోపలి గదిల పండుకున్నడు. గనిల పొగ, మంట, గ్యాస్ వస్తే మనుషుల్ని బయటికెట్ల తేవాలో ట్రైనింగ్ తీస్కున్న మనిషి. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలె. మామూలు మనిషి మొగుడై ఉంటే ఇంత జరగకపోవు.

పళ్లెం ఓవెన్ల పెట్టిన. ఇరుకుగనే పట్టింది. వీడియోల రెండువందల డిగ్రీలన్నరు. జల్దీ కావాలె, మళ్ల వంట చెయ్యాలె అని నేను మీట చివరిదాక తిప్పిన మాట వాస్తవమే. అది వేరే సంగతి. దాని గురించి ఇప్పుడు మాట్లాడద్దు.

పది నిమిషాలకు అద్దంలకెంచి చూస్తే పూసలు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటున్నయ్. సంతోషంతోటి నా పానం ఎగిరింది. పదిహేను నిమిషాలకు వాసన మొదలైంది. కాలిన దువ్వెన వాసన. తర్వాత సన్నగ పొగ. కిటికీలు తీసిన. పొగ బయటికి పోకుంట, మా ఆయన పండుకున్న గదిలకు పోయింది. పొగకు గూడ నేనంటేనే కోపం!

ఇంకొక్క ఐదు నిమిషాలు. ఐదంటే ఐదే! అప్పుడు లోపల్నుంచి ఒక అరుపు వచ్చింది. "పొగ! పొగ! అందరు బయటికి నడువుండ్రి!"

లుంగీ మీద లేచి ఉరికొచ్చిండు. కండ్లు తెరిచే ఉన్నయ్ గానీ మనిషి ఇంకా గనిలనే ఉన్నడు. కుర్చీల కూసోని పప్పు అన్నం తింటున్న అత్తమ్మను కుర్చీతోటి సహా ఎత్తి బయట వాకిట్ల పెట్టిండు. ఆమె చేతిల కంచం చేతిలనే ఉన్నది. ఉరికొచ్చి కరెంటు మెయిన్ ఆఫ్ చేసిండు. గ్యాస్ సిలిండరు భుజాన వేస్కోని బయట పెట్టిండు. ఆ తర్వాత వచ్చి నా రెక్క పట్టుకున్నడు. చూసిన్రా వరస? ముందు తల్లి, తర్వాత సిలిండరు, సిలిండరు తర్వాత నేను!

"ఏందయ్యా నీ లొల్లి! ఏం కాలలే. పావురం కరుగుతున్నది" అన్న.

"పావురమేంది, కరుగుడేంది! నీకు పొగ ఎక్కింది. నడువ్ బయటికి" అన్నడు.

నన్ను వాకిట్ల నిలబెట్టి, తడి గోనెసంచి చేతులకు చుట్టుకోని మళ్ల లోపలికి పోయిండు. ఓవెన్ల నుంచి ఆ పళ్లెం బయటికి గుంజిండు. "చదునుగ పట్టు! వంచకు! వంచకయ్యా!" అని నేను వాకిట్ల నుంచి మొత్తుకుంటున్న. వింటడా? పొగకు మొఖం తిప్పుకోని, పళ్లెం ఒక పక్కకు వంచి పట్టుకోని, ఉరుక్కుంట తెచ్చి బట్టలు ఉతికే బండ మీద పడేసిండు. ఆ బండ ఏమన్న చదునుగ ఉంటదా? నీళ్లు పోనీకి వాలుగనే వేస్తరు!

ఈలోపల లైన్ల ఉన్న క్వార్టర్లన్ని బయటికొచ్చినయ్. ఎదురు క్వార్టరాయన బకెట్ నిండ నీళ్లు తెచ్చి పళ్లెం మీదికి ఎత్తిండు. నేను అడ్డం పడ్డ. "పొయ్యకన్నా, పగుల్తది!" అని. ఆయన పళ్లెంలకు ఒకసారి, నా మొఖంలకు ఒకసారి చూసి, "ఏం కూర వదినా అది?" అన్నడు.

ఆ బండ మీద, నా కండ్ల ముంగట, నా బొమ్మ పైనుంచి కిందికి మెల్లగ జారుతున్నది. తేనె జారినట్టు. ఏమీ చేయరాదు, ముట్టుకుంటే కాల్తది. కాసేపటికి ఎక్కడిదక్కడ గట్టిపడింది.

అందరు ఎవరింట్లకు వాళ్లు పోయినంక పళ్లెం బోర్లించి తీసిన. రంగులు మెరుస్తున్నయ్, ఎక్కడ పగుల్లేదు. అద్దం అంటే అద్దమే. కాకపోతే ఎగరనీకి ఎత్తిన రెక్కలు కిందికి జారి పొట్టల కలిసినయ్. పొట్ట ఇంత లావైంది. పై అంచుకున్న ఎర్రపూలు జారొచ్చి సరిగ్గ తల మీద ఆగినయ్. కింద పసుపు కిరణాలు రెండు పాయలై సన్నగ, నిలువుగ సాగినయ్. ముక్కున ఉన్న ఆకు జారి పాదాల కాడ పడ్డది. తోక ఒక్కటే కదలకుంట, ఎట్ల పెట్టింది గట్లనే, పైకి నిలబడి ఉన్నది.

ఎండకు పట్టుకోని చూసిన. పావురమే గదా అనుకున్న. గట్టిగనే అనుకున్న.

అత్తమ్మ కంచం కడుక్కోని వచ్చి చూసింది. "పిల్లా, కోడి మంచిగొచ్చింది" అన్నది.

"కోడి కాదత్తమ్మా! పావురం!"

"జుట్టున్నది, కాళ్లున్నయ్, కింద గడ్డి ఏరుకుంటున్నది. మా అమ్మగారింట్ల గిట్లాంటిదే ఉండె. రోజు విడిచి రోజు గుడ్డు పెట్టేది."

మా ఆయన వెనుక నిలబడి ఏమన్నడో తెల్సా? "పానాలతోటి బయటపడ్డం, అది చాలు. కోడైతే ఏంది, పావురమైతే ఏంది!" ఆ పళ్లెం వంచింది ఎవరు? ఆ బండ మీద పెట్టింది ఎవరు? మెయిన్ ఆపింది ఎవరు? ఒక్క మాట, "తప్పయింది మేరీ" అని అన్లే. పోయి మళ్ల పండుకున్నడు!

ఇంకోటి చేద్దామంటే తెల్లపూసలు లేవు. ఖమ్మం పోయి రానీకి టైం లేదు. ఉత్త చేతులతోటి పోతే వదిన ఏమనదు, "నేననుకున్నదే" అన్నట్టు చూస్తది. ఆ చూపు నేను పడలేను. దూరం నుంచి చూస్తే, వెనుకనుంచి వెలుతురు పడితే, పావురం లెక్క కనబడొచ్చు అని మనసుకు చెప్పుకోని, పాత చీరల చుట్టి శనివారం పొద్దున అత్తమ్మతోటి, మా ఆయనతోటి బస్సెక్కిన. కొత్తగూడెం నుంచి అక్కడిదాక ఒడిల పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకోని కూసున్న.

వదినకు చూపెట్టలే. "ప్రార్థనప్పుడే తెరవాలె" అని చెప్పిన. మేస్త్రి నిచ్చెనెక్కి రింగుల కూసోబెడ్తున్నడు. నేను గుడ్డ పట్టుకోని కింద నిలబడ్డ. ఆయన పైనుంచి, నలుగురు వినేటట్టు, "అక్కా, కోడి మొఖం ఇంటి లోపటికి ఉండాల్నా, రోడ్డు దిక్కు ఉండాల్నా?" అని అడిగిండు.

"పావురం అన్నా!" అని పండ్లు కొరుక్కుంట గుసగుసగ చెప్పిన.

"అవునా" అన్నడు. మళ్ల ఒకసారి చూసిండు. ఇంకేం అన్లే. అనకుంటే ఇంకా మండింది.

పదింటికి పాస్టరయ్యగారు వచ్చిండు. కుర్చీలు నిండినయ్, వెనుక కొంతమంది నిలబడ్డరు. వదిన కొత్త చీర కట్టుకోని తలుపు కాడ నిలబడ్డది. మనిషి వెలిగిపోతున్నది. అయ్యగారు వరద సంగతి, ఓడ సంగతి, పావురం సంగతి చెప్పనీకి తయారై వచ్చిండు. వదిన ముందే చెప్పి ఉంచింది గదా. చేతిల పుస్తకంల వేలు పెట్టుకోని, "మన మేరీ చెల్లెమ్మ స్వయంగా చేసిన పావురాన్ని ఇప్పుడు చూద్దాం" అని గుడ్డ లాగిండు.

తూర్పు ఎండ నేరుగ పడ్డది. ఏం వెలిగింది తల్లీ! నీలం, ఎరుపు, పసుపు, ఇల్లంత పరుచుకున్నయ్. మధ్యల తెల్లగ, లావుగ, రెండు కాళ్ల మీద నిలబడి ఉన్నది.

అప్పుడు ముందు వరసల వాళ్లమ్మ ఒడిల కూసున్న ఒక చిన్నపిల్ల చెయ్యెత్తి, "అమ్మా, కోడి!" అన్నది. మాటలు సరిగ్గ రాని పిల్ల! దానికి ఆ ఒక్క మాటే స్పష్టంగ వచ్చింది!

అయ్యగారు పైకి చూసిండు. పుస్తకంల వేలు దిక్కు చూసిండు. మళ్ల పైకి చూసిండు. మెల్లగ ఆ పేజీల నుంచి వేలు తీసి, చానా పేజీలు ముందుకు తిప్పిండు. "కోడి తన పిల్లల్ని రెక్కల కింద ఎట్ల దాచుకుంటదో..." అని మొదలుపెట్టిండు. ఇరవై నిమిషాలు! ఆపకుంట! వాన కొట్టినా, గద్ద వచ్చినా కోడి రెక్క తియ్యదట. ఈ ఇంటి తల్లి గూడ గట్లనే ఇద్దరు పిల్లల్ని కాపాడుకున్నదట. అందరు తలలూపుతున్నరు. నా చెవులల్ల పొగలొస్తున్నయ్. పావురం అని చెప్పనీకి లేస్తే, మా ఆయన నా కొంగు పట్టి కూసోబెట్టిండు.

ప్రార్థన కాంగనే వదిన నా దిక్కే వచ్చింది. వచ్చుడు వచ్చుడే కోపం కనబడ్తదనుకోని, "వదినా, అది మీ తమ్ముడు పళ్లెం వంచిండు..." అని మొదలుపెట్టిన. ఆమె మాట పూర్తి కానియ్యలే. నన్ను గట్టిగ పట్టుకోని ఏడ్చింది. మా వదిన! అన్నయ్య పోయినప్పుడు తప్ప ఆమె ఏడ్చుడు నేను చూడలే.

"ఆ కోడి నీకు ఇంకా యాదున్నదా మేరీ?" అన్నది.

నాకేం అర్థం కాలే. ఆమెనే చెప్పుకుంట పోయింది. పిల్లలు చిన్నగున్నప్పుడు, అన్నయ్య ఊర్ల లేని రోజు, పెద్ద వరద వచ్చిందట. పడవల మనుషులే ఎక్కాలె, ఏ సామాన్ తేవద్దన్నరట. ఈమె చిన్నోన్ని చంకల ఎత్తుకోని, పెద్దదాని చెయ్యి పట్టుకోని, కొంగు కింద తెల్లకోడిని దాచిపెట్టి ఎక్కిందట. అది గూడ కిక్కురుమనలేదట. బడిల తలదాచుకున్నన్ని రోజులు ఆ కోడి పెట్టిన గుడ్డే పిల్లలిద్దరికి కూర.

"నీ పెండ్లయిన కొత్తల ఒక్కసారి చెప్పిన. మళ్లెవ్వరికి చెప్పలే. నేను పావురం అడిగితే, నువ్వు నా కోడిని చేసి తెచ్చినవ్" అన్నది.

ఇప్పుడు చెప్పండి, నేనేం చెయ్యాలె? దేవుని ముంగట, పాస్టరయ్యగారి ముంగట, ప్రతిష్ఠ అయ్యి పది నిమిషాలు గూడ కాని కొత్త ఇంట్ల నిలబడి, "యాదుండదా వదినా" అన్న. నాకు ఆ కోడి ముచ్చట చెప్పినట్టే గుర్తులేదు! "మొదలుపెట్టింది ముగించినవ్ పిల్లా" అని నెత్తిమీద చెయ్యి పెట్టింది. ఆ మాట కోసం నేను ఇన్నేండ్లు చూసిన, ఏ బొమ్మకు వచ్చిందో చూడండి!

సంతోషమే. కాదంటలే. కానీ మీరే ఆలోచించండి, ఆ మధ్యాహ్నం భోజనాల కాడ ఒక్కొక్కరు వచ్చి, "కోడి ఎంత మంచిగ చేసినవమ్మా", "జుట్టు అచ్చం దింపినవ్", "కాళ్లు చూడు, నిజం కాళ్లే" అంటుంటే, నేను నవ్వు మొఖం పెట్టుకోని తలూపాలె. అవి సూర్య కిరణాలు! ఒక చికెన్ సెంటర్ ఆయన వచ్చి, "మా షాపుకు గూడ ఒకటి చేసియ్యక్కా, కొంచెం నాటుకోడి లెక్క" అన్నడు. మా ఆయనేమో వడ్డించుకుంట, "ఆ పళ్లెం వంచుడు నాదే, చేతికి పని తెలియాలె" అని గొప్పలు. తిరిగొచ్చేటప్పుడు బస్సుల అత్తమ్మ నా చెవుల, "అబద్ధం మంచిగనే చెప్పినవ్ పిల్లా, ఎక్కడ తడబడలే" అన్నది. ఆ రోజు నా పనితనానికి వచ్చిన నిజమైన మెప్పు అదొక్కటే.

సరే, మా వదిన ముందట అది కోడే. మిగతా లోకానికి మాత్రం అది పావురమేనని నేను గట్టిగ నిలబడ్డ. మొన్నటిదాక నిలబడ్డ.

మొన్న ఏమైందంటే, వదినకు జ్వరమంటే పచ్చళ్లు, పండ్లు సంచుల నింపుకోని ఒక్కదాన్నే పోయిన. బూర్గంపాడుల బస్సు దిగేసరికి మిట్టమధ్యాహ్నం. ఎండ నెత్తిన నిప్పులు పోస్తున్నది. రెండు చేతులల్ల రెండు సంచులు. ఒక్కటంటే ఒక్కటే ఆటో.

"టైలర్ రూతమ్మ ఇంటికి పోవాలె" అన్న.

"ఏ రూతమ్మ?" అన్నడు డ్రైవర్.

"మెరక మీద కొత్త ఇల్లు. రెండు గదుల స్లాబ్."

"అక్కడ అన్ని కొత్త ఇండ్లే గదమ్మా."

ఆటోల ముందే కూసున్న పెద్దమనిషి తల బయటపెట్టి, "కోడి బొమ్మ ఇల్లా?" అని అడిగిండు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "కోడి కాదు పెద్దయ్యా! పావురం బొమ్మ ఇల్లు!"

డ్రైవర్ ఆయన దిక్కు చూసిండు, ఆయన డ్రైవర్ దిక్కు చూసిండు. "పావురం బొమ్మ ఇల్లు ఈ ఊర్లనే లేదమ్మా" అన్నడు డ్రైవర్. బండి స్టార్ట్ చేసిండు. ఆటో కదిలింది. నా చేతుల సంచులు గుంజుతున్నయ్. దూరం దాక ఇంకో బండి కనబడ్తలేదు.

"ఆగు బిడ్డా, ఆగు!" అని వెనుక ఉరికిన. "అదే... కోడి బొమ్మ ఇల్లే!"

ఆపిండు. సంచులు లోపల పెట్టిండు. నేను ఎక్కి కూసోని చెమట తుడుచుకుంటుంటే అద్దంల నన్ను చూస్కుంట, "ముందే చెప్పొచ్చు గదమ్మా. కోడికి, పావురానికి తేడా తెల్వదా నీకు?" అన్నడు.

"తెల్వదయ్యా" అన్న.